మాడ్యూల్‌కు ఎఫ్‌సీసీ ఐడీ ఉంది, ప్రోడక్టుకు మళ్లీ టెస్టింగ్ ఎందుకు?

అడిగింది క్లుప్తంగా ఇది: గోదాముల్లో వాడే చేతి స్కానర్ తయారు చేస్తున్నారు. అందులో వైఫై, బ్లూటూత్ కలిసిన మాడ్యూలు (రెడీమేడ్ రేడియో భాగం) ఒకటి, ఎల్‌టీఈ, అంటే 4జీ మాడ్యూలు ఒకటి. రెండింటికీ ఎఫ్‌సీసీ (అమెరికా కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ) ఐడీలు ఉన్నాయి. పనిలేనప్పుడు స్కానర్‌ను క్లిప్పుతో నడుముకు తగిలించుకుంటారు. ముందు అమెరికాకు పంపాలి, తర్వాత యూరప్‌కు, ఇండియాలోనూ అమ్మాలి. మాడ్యూళ్లకు సర్టిఫికెట్ ఉంది కాబట్టి ‘కంటెయిన్స్ ఎఫ్‌సీసీ ఐడీ’ అని లేబుల్ అతికిస్తే సరిపోతుందా?

సరిపోదు. ఇదే పరికరాన్ని గోడకు బిగించేలా చేసి ఉంటే చాలావరకు సరిపోయేది. మీ విషయంలో తేడా తెచ్చింది ఒంటికి దగ్గరగా వాడటం, ముఖ్యంగా ఆ క్లిప్పు. మాడ్యూలు గ్రాంటు, అంటే ఎఫ్‌సీసీ సర్టిఫికెట్, రేడియోకు ఇచ్చిన అనుమతి. ఆ రేడియోను మనిషి ఒంటికి ఎంత దగ్గరగా పెడుతున్నారన్నది మీ ప్రోడక్టు సంగతి. మాడ్యూలు చేసినవాళ్లకు అది ముందుగా తెలిసే వీల్లేదు, అందుకే వాళ్ల గ్రాంటులో అది ఉండదు.

ఎఫ్‌సీసీ రూల్స్‌లో రెండు మాటలున్నాయి. మన వాడుకతో కలిపి చదివితే తికమక పడతారు. మామూలు వాడకంలో యాంటెన్నాకూ మనిషి ఒంటికీ మధ్య కనీసం 20 సెంటీమీటర్లు ఉండే పరికరం ‘మొబైల్’, దానికి సెక్షన్ 2.1091. ఆ 20 సెంటీమీటర్ల లోపు వచ్చేది ‘పోర్టబుల్’, దానికి 2.1093. ఈ లెక్కన మన జేబులో ఉండే మొబైల్ ఫోన్ పోర్టబుల్, బల్ల మీది వైఫై రౌటర్ మొబైల్. మార్కెట్లో దొరికే మాడ్యూళ్లలో చాలావాటి గ్రాంటు మొబైల్ షరతుతోనే వస్తుంది, ఎందుకంటే దానికి కొలత అక్కర్లేదు, కాగితం మీద లెక్క చాలు.

ఆ లెక్క ఒకసారి చేసి చూడండి, విషయం బాగా అర్థమవుతుంది. వైఫై పవర్ 20 డీబీఎం అనుకుందాం, అంటే 100 మిల్లీవాట్లు. యాంటెన్నా గెయిన్ (ఒక దిక్కుకు పవర్‌ను పోగుచేసే మేర) 3 డీబీఐ అంటే రెట్టింపు, 200 మిల్లీవాట్లు. 20 సెంటీమీటర్ల వ్యాసార్ధమున్న గోళం ఉపరితలం 4 × 3.1416 × 400, అంటే 5,027 చదరపు సెంటీమీటర్లు. 200ని దాంతో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు 0.04 మిల్లీవాట్లు. 1,500 మెగాహెర్ట్జ్ పైన సాధారణ ప్రజలకు పరిమితి 1 మిల్లీవాట్. మనది అందులో 4 శాతం. ఇక ఎల్‌టీఈ: పవర్ క్లాస్ 3 అంటే 23 డీబీఎం, అటూఇటూ 2 డీబీ. ఎప్పుడూ పై అంచునే తీసుకోవాలి కాబట్టి 25 డీబీఎం, 316 మిల్లీవాట్లు. 2 డీబీఐ యాంటెన్నాతో 501. 5,027తో భాగిస్తే 0.1. కానీ ఇక్కడ పరిమితి తక్కువ: 300 నుంచి 1,500 మెగాహెర్ట్జ్ మధ్య ఫ్రీక్వెన్సీని 1,500తో భాగించాలి. బ్యాండ్ 5 కింది అంచు 824 మెగాహెర్ట్జ్, పరిమితి 0.55. మనది 18 శాతం. రెండు రేడియోలూ ఒకేసారి ట్రాన్స్‌మిట్ చేయగలవు కనుక నిష్పత్తులు కూడాలి: 0.04 + 0.18 = 0.22. మొత్తం 1 దాటలేదు, పని అయిపోయింది. గోడకు బిగించే పరికరానికి ఎక్స్‌పోజర్ (ఒంటికి తగిలే రేడియో శక్తి) కింద రాయాల్సింది ఈ అరపేజీ లెక్కే, అదీ రెండు గ్రాంట్లలోనూ ‘ఇంకో ట్రాన్స్‌మిటర్‌తో కలిపి వాడరాదు’ అన్న షరతు లేకపోతే.

నడుముకు తగిలించారంటే ఈ లెక్క పనికిరాదు. అక్కడ కొలిచేది సార్ (ఎస్ఏఆర్), అంటే ఒక కిలో కణజాలం ఎన్ని వాట్లు పీల్చుకుంటోందని. అమెరికాలో తలకు, మొండేనికి పరిమితి 1 గ్రాము సగటున కిలోకు 1.6 వాట్లు. చేతులు, మణికట్టు, పాదాలకు 10 గ్రాముల సగటున 4 వాట్లు. ఇండియా కూడా ఫోన్లకు అదే 1.6 వాట్లు, 1 గ్రాము లెక్కను పెట్టుకుంది. యూరప్‌లో తలకు, మొండేనికి 10 గ్రాముల సగటున 2 వాట్లు. సగటు తీసే ద్రవ్యరాశి వేరు కాబట్టి ఒకచోటి రిపోర్టు ఇంకోచోట నేరుగా చెల్లదు. ల్యాబు వాళ్లకు ముందే చెబితే ఒకే స్కాన్‌లో 1 గ్రాము, 10 గ్రాముల విలువలు రెండూ తీసి ఇస్తారు. చెప్పకపోతే మళ్లీ స్లాట్ బుక్ చేసుకోవాల్సిందే.

సార్ కొలత తప్పించుకునే దారి కూడా రూల్స్‌లో ఉంది. సెక్షన్ 1.1307 ప్రకారం సగటు పవర్ 1 మిల్లీవాట్ మించని ట్రాన్స్‌మిటర్‌కు దూరంతో పనిలేకుండా మినహాయింపు. అంతకు మించితే దూరం, ఫ్రీక్వెన్సీలతో ఒక సూత్రం ఉంది. 2,450 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ సూత్రం ఇచ్చే అంకెలు ఇవి: 5 మిల్లీమీటర్ల దూరంలో 2.7 మిల్లీవాట్లు, 10 మిల్లీమీటర్లలో దాదాపు 10 మిల్లీవాట్లు, 30 మిల్లీమీటర్లలో 83. ఇక్కడ దూరమంటే యాంటెన్నా నుంచి ఒంటి దాకా, అంటే ప్లాస్టిక్ కేసు మందం, లోపలి ఖాళీ అన్నీ కలుస్తాయి. పవర్ అంటే కండక్టెడ్ పవర్ (యాంటెన్నాకు అందేది), ఈఆర్‌పీ (గెయిన్ కలిపి యాంటెన్నా నుంచి వెలువడేది) రెండింట్లో ఏది ఎక్కువైతే అది, టాలరెన్స్ కలుపుకుని. 4 డీబీఎం బ్లూటూత్ చిప్పు 2.5 మిల్లీవాట్లే కదా అనిపిస్తుంది. కానీ 1 డీబీ టాలరెన్స్ కలిపితే 3.2 అయి 5 మిల్లీమీటర్ల గీత దాటుతుంది. యాంటెన్నాను బోర్డు అవతలి అంచుకు జరిపి 10 మిల్లీమీటర్లు తెచ్చుకుంటే అదే రేడియో మూడింతల జాగాతో బయటపడుతుంది. ఈ నిర్ణయం లేఅవుట్ రోజున ఉచితం. మోల్డ్ చేయించాక ఎంత అవుతుందో మీ టూలింగ్ వాళ్లను అడగండి.

మీ స్కానర్‌లో బ్లూటూత్ ఒక్కటే ఉంటే ఇంతటితో ఆపేవాణ్ణి. 100 మిల్లీవాట్ల వైఫైకి మినహాయింపు కావాలంటే యాంటెన్నా ఒంటికి 33 మిల్లీమీటర్ల అవతల ఉండాలి. నడుముకు తగిలించే పెట్టెలో అది కష్టం. 25 డీబీఎం ఎల్‌టీఈకి ఆశ పెట్టుకోవద్దు, కొలవాల్సిందే. ‘మేం డేటా తక్కువ పంపుతాం, సగటున పవర్ చాలా తక్కువ’ అనే వాదన నడవదు. ఫర్మ్‌వేర్ దాన్ని బలవంతంగా అమలు చేసి, వాడేవాళ్లు మార్చలేని విధంగా ఉంటేనే డ్యూటీ సైకిల్ లెక్కలోకి వస్తుంది. ‘ఒంటికి 20 సెంటీమీటర్ల దూరంలో ఉంచండి’ అని మాన్యువల్‌లో రాసి చేతిలో పట్టుకునే పరికరాన్ని మొబైల్ చేద్దామనుకునేవాళ్లూ ఉన్నారు. పరికరం రూపమే చేతిలో పట్టుకోమంటుంటే మాన్యువల్ మాటకు విలువ లేదు, టీసీబీ (ఎఫ్‌సీసీ తరఫున సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ) వాళ్లు తిప్పి పంపుతారు.

రెండు రేడియోల సార్ కలిపి ఎంతవుతుందన్నది ఇంకో మెట్టు. ఒక చోట ఎల్‌టీఈ 1.1, వైఫై 0.7 వచ్చాయనుకోండి. విడివిడిగా రెండూ పాసే, కానీ మొత్తం 1.8, పరిమితి 1.6. అప్పుడు రెండు రేడియోల సార్ అత్యధికంగా వచ్చిన బిందువుల మధ్య దూరం చూస్తారు: మొత్తాన్ని 1.5 ఘాతానికి పెంచి, ఆ దూరం మిల్లీమీటర్లతో భాగిస్తే 0.04 మించకూడదు. 1.8కి 1.5 ఘాతం 2.41. అంటే రెండు బిందువుల మధ్య సుమారు 60 మిల్లీమీటర్లు కావాలి. యాంటెన్నాలు రెండూ బోర్డు ఒకే మూల ఇరికిస్తే ఈ దారి మూసుకుపోతుంది, ఇక మిగిలేది పవర్ తగ్గించడమే. ఎల్‌టీఈ ఒక చివర, వైఫై ఇంకో చివర పెట్టమని అందుకే పట్టుబట్టి చెబుతున్నాను. రిసీవర్ సున్నితత్వానికీ అదే మంచిది.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఎఫ్‌సీసీ ఐడీలను నిజంగా చదవండి. ఐడీలో మొదటి 3 లేదా 5 అక్షరాలు గ్రాంటీ కోడ్. 5 అక్షరాలదైతే అంకెతో మొదలవుతుంది. మిగతాది ప్రోడక్ట్ కోడ్. ఎఫ్‌సీసీ వెబ్‌సైట్‌లో ఐడీ వెతికితే గ్రాంటు, టెస్ట్ రిపోర్టులు, ఎక్స్‌పోజర్ రిపోర్టు, యూజర్ మాన్యువల్ దొరుకుతాయి. సర్క్యూట్ డయాగ్రామ్ మాత్రం సాధారణంగా గోప్యం. చాలామంది గ్రాంటు పైభాగం చూసి వదిలేస్తారు. అసలు విషయం కింద నోట్స్ అనే పేరాలో ఉంటుంది: సింగిల్ మాడ్యులర్ అప్రూవలా, లిమిటెడ్ మాడ్యులరా, మొబైల్ షరతా, ఏయే యాంటెన్నాలతో, ఇంకో ట్రాన్స్‌మిటర్‌తో కలిపి వాడొచ్చా లేదా. లిమిటెడ్ అని ఉంటే ఆగండి. సెక్షన్ 15.212 ప్రకారం పూర్తి మాడ్యూలుకు సొంత షీల్డు, సొంత పవర్ రెగ్యులేషన్, బఫర్ ఉన్న డేటా ఇన్‌పుట్లు, శాశ్వతంగా అతికిన లేదా ప్రత్యేక కనెక్టర్‌తో వచ్చే యాంటెన్నా, విడిగా టెస్ట్ చేసిన రిపోర్టు ఉండాలి. వీటిలో ఏదో ఒకటి లేనందుకే లిమిటెడ్ అవుతుంది, దాన్ని ఎలాంటి హోస్టులో (మాడ్యూలును ఇముడ్చుకునే పరికరంలో) పెట్టొచ్చో గ్రాంటులో రాసిన మేరకే. షీల్డు డబ్బా లేని చిప్పును నేరుగా బోర్డు మీద వేసుకుంటే ఏ మాడ్యూలు సర్టిఫికెట్టూ మీకు వర్తించదు, ఆ చిప్పు కంపెనీ ఎంత పెద్దదైనా సరే.

యాంటెన్నా విషయంలో రూల్ సూటిగా ఉంది. గ్రాంటులో టెస్ట్ చేసిన రకమే అయి, గెయిన్ సమానమో తక్కువో ఉంటే కొత్త టెస్ట్ అక్కర్లేదు. డైపోల్‌కు బదులు డైపోల్ సరే. పీసీబీ యాంటెన్నా మీద టెస్ట్ చేసిన మాడ్యూలుకు చిప్ యాంటెన్నా తగిలిస్తే గెయిన్ తక్కువైనా రకం వేరు, మళ్లీ ఫైలింగే. మాడ్యూలు బయట మీ బోర్డు మీద గీసుకునే ట్రేస్ యాంటెన్నా అయితే మాడ్యూలు మాన్యువల్‌లోని కొలతలు, లేయర్ల మందం, మెటీరియల్ యథాతథంగా ఉండాలి. అందమైన అంచు కోసం ట్రేస్ వంపు మార్చినా అది వేరే యాంటెన్నాయే. బయటికి మామూలు ఎస్ఎంఏ కనెక్టర్ పెట్టవద్దు. వాడేవాళ్లు ఏ యాంటెన్నా అయినా బిగించుకోగల కనెక్టర్ సెక్షన్ 15.203కు విరుద్ధం, రివర్స్ పోలారిటీ రకం వాడాలి.

ఇక మీ స్కానర్ దారి. మొబైల్ గ్రాంటు ఉన్న మాడ్యూలును పోర్టబుల్‌గా మార్చడం క్లాస్ 2 పర్మిసివ్ చేంజ్, అంటే ఉన్న గ్రాంటులో అనుమతి తీసుకుని చేసే మార్పు. దాన్ని ఫైల్ చేసే హక్కు గ్రాంటీది, అంటే మాడ్యూలు కంపెనీది మాత్రమే. ఆ కంపెనీ మీ కోసం ఫైల్ చేస్తే సరి. పెద్ద ఆర్డర్ లేకపోతే ఒప్పుకోవడం అరుదు. రెండో దారి సెక్షన్ 2.933 కింద చేంజ్ ఇన్ ఐడీ. మీ పేర గ్రాంటీ కోడ్ తీసుకుని, మాడ్యూలు కంపెనీ నుంచి అనుమతి లేఖ తెచ్చుకుని, అదే మాడ్యూలుకు మీ ఐడీ వేయించుకుంటారు. ఆ పైన మీ ఐడీ మీద సార్ రిపోర్టుతో క్లాస్ 2 చేంజ్ ఫైల్ చేస్తారు. రెండు మాడ్యూళ్లకూ ఇదే. లేఖ రావడానికి వారాలు పడుతుంది కాబట్టి మాడ్యూలు కొనేముందే ‘పోర్టబుల్ హోస్టుకు చేంజ్ ఇన్ ఐడీ లేఖ ఇస్తారా’ అని మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఇవ్వమన్నవాళ్ల మాడ్యూలు ఎంత చవకైనా మీ పనికి రాదు. ఈ ఫైలింగ్‌లన్నిటికీ అమెరికాలో చిరునామా ఉన్న ఏజెంటు కావాలి. స్కానర్‌లోని డిజిటల్ భాగానికి పార్ట్ 15బీ కింద మీరు ఇచ్చే ఎస్‌డీఓసీలో (నిబంధనలు పాటించామన్న స్వీయ ప్రకటనలో) పేరు రాసే బాధ్యులు కూడా అమెరికాలోనే ఉండాలి. మీ దిగుమతిదారు ఆ రెండింటికీ ఒప్పుకుంటారో లేదో ముందే తేల్చుకోండి.

మాడ్యూలు పాసైంది కదా అని హోస్టులో రేడియేటెడ్ టెస్ట్ (గాలిలోకి వెలువడే సిగ్నల్ కొలత) మానేస్తే ఎక్కువ దెబ్బ తినేది అక్కడే. మొదటిది రెండో హార్మోనిక్. 2.4 గిగాహెర్ట్జ్‌కు రెండింతలు 4.8 నుంచి 4.97 దాకా పడుతుంది. అది 4.5–5.15 గిగాహెర్ట్జ్ నిషిద్ధ బ్యాండ్ మధ్యలో ఉంది, అక్కడ 3 మీటర్ల దూరంలో సగటు పరిమితి మీటరుకు 54 డీబీ మైక్రోవోల్ట్. మాడ్యూలు ఒంటరిగా ఉన్నప్పుడు బొటాబొటిగా పాసైన హార్మోనిక్, మీ లోహపు ఫ్రేము ఏదో ఒక దిక్కున ప్రతిధ్వనిస్తే గీత దాటుతుంది. రెండోది బ్యాండ్ అంచు: 11వ ఛానెల్‌లో పూర్తి పవర్‌తో నడిపితే 2,483.5 మెగాహెర్ట్జ్ అవతల జారుతుంది. మాడ్యూలు కంపెనీ రిపోర్టులో అంచు ఛానెళ్లకు పవర్ తగ్గించి ఉంటే, మీ ఫర్మ్‌వేర్ కూడా అదే పవర్ టేబుల్ వాడాలి. డ్రైవర్ కొత్తది వేసినప్పుడు టేబుల్ డీఫాల్టుకు వెళ్లిపోవడం తరచూ జరుగుతుంది. మూడోది ఎల్‌టీఈ, వైఫై ఒకేసారి నడిచినప్పుడు పుట్టే మిశ్రమ ఫ్రీక్వెన్సీలు. విడివిడిగా టెస్ట్ చేస్తే ఇవి కనిపించవు. ఇక 30 నుంచి 1,000 మెగాహెర్ట్జ్ మధ్య డిస్‌ప్లే క్లాక్, మెమరీ, యూఎస్‌బీ కేబుల్ రొద ఎలాగూ ఉంటుంది. వైఫై హాట్‌స్పాట్ ఇవ్వాలనుకుంటే ఇంకో చిక్కు: 5,250–5,350, 5,470–5,725 మెగాహెర్ట్జ్‌లలో చాలా మాడ్యూళ్లు రాడార్ గుర్తింపు లేని క్లయింటుగానే సర్టిఫై అయ్యాయి. ఆ ఛానెళ్లలో హాట్‌స్పాట్ మొదలుపెట్టడం నిషేధం, ఫర్మ్‌వేర్‌లోనే మూసేయాలి.

డబ్బు కట్టే ముందు ఆ ల్యాబు ఎఫ్‌సీసీ గుర్తించిన జాబితాలో ఉందో లేదో వెబ్‌సైట్‌లో చూసుకోండి. అధికారిక టెస్ట్‌కు ముందు ఒక ప్రీ-స్కాన్ చేయించడం మంచిది. ఈఎంసీ (విద్యుదయస్కాంత అనుకూలత) పనికి చెన్నైలోనూ విశాఖ గంభీరంలోనూ కేంద్ర ప్రభుత్వ సమీర్ కేంద్రాలున్నాయి, హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎస్‌టీక్యూసీ ల్యాబు ఉంది. శాంపిళ్లు కనీసం నాలుగు పట్టుకెళ్లండి: యాంటెన్నా తీసి ఆర్ఎఫ్ కేబుల్ సోల్డర్ చేసింది ఒకటి, టెస్ట్ ఫర్మ్‌వేర్‌తో యాంటెన్నా ఉన్నవి రెండు, మామూలు అమ్మకపు ఫర్మ్‌వేర్‌తో ఒకటి. టెస్ట్ ఫర్మ్‌వేర్ అంటే ఛానెల్, పవర్, మాడ్యులేషన్ ఎంచుకుని ఆగకుండా ట్రాన్స్‌మిట్ చేయించగలగాలి. బ్లూటూత్‌కు డైరెక్ట్ టెస్ట్ మోడ్ చాలు. కేసు మూసేశాక సీరియల్ పోర్టు దొరకని యూనిట్లు పంపి ల్యాబులో రోజు పోగొట్టుకోవడం ఇక్కడ అతి మామూలు పొరపాటు. అడుగున చిన్న రంధ్రం పెట్టి మూడు వైర్లు బయటికి తీయండి. సార్ యూనిట్‌కు మాత్రం వైర్లు ఉండకూడదు, కొలతనే మార్చేస్తాయి. దానికి బ్యాటరీ నిండా ఛార్జ్ చేసి, ఆన్ చేయగానే ట్రాన్స్‌మిట్ మొదలయ్యేలా పెట్టండి.

యూరప్‌లో మాడ్యులర్ అప్రూవల్ అనే పద్ధతే లేదు. ఆర్ఈడీ (యూరప్ రేడియో పరికరాల నిబంధన) కింద మొత్తం పరికరానికి బాధ్యత మీదే. మాడ్యూలు కంపెనీ రిపోర్టుల్లోని కండక్టెడ్ ఫలితాలు, అంటే యూరప్ ప్రమాణాలైన 2.4 గిగాహెర్ట్జ్‌కు ఈఎన్ 300 328, 5 గిగాహెర్ట్జ్‌కు ఈఎన్ 301 893 కింద వచ్చినవి వాడుకోవచ్చు. రేడియేటెడ్ స్ప్యూరియస్ (వెలువడే అనవసర తరంగాలు), ఈఎన్ 301 489 వరస ఈఎంసీ, సేఫ్టీ, సార్ మీ పెట్టె మీదే జరగాలి. అక్కడ 20 మిల్లీవాట్ల లోపు ట్రాన్స్‌మిటర్‌కు ఈఎన్ 62479 ప్రకారం సార్ కొలత లేదు. ఆ అంకె ఎక్కడిదంటే, కిలోకు 2 వాట్ల పరిమితిని 10 గ్రాములతో గుణిస్తే 20 మిల్లీవాట్లు. పవర్ అంతా ఆ 10 గ్రాముల్లోనే దిగినా పరిమితి దాటదు. 2025 ఆగస్టు 1 నుంచి ఇంటర్నెట్‌కు కలిసే రేడియో పరికరాలకు సైబర్ భద్రత కూడా తప్పనిసరి, దానికి ఈఎన్ 18031 వరస. డీఫాల్ట్ పాస్‌వర్డుతో వదిలేసిన స్కానర్ ఇక్కడే ఆగిపోతుంది.

ఇండియాలో వైఫై, బ్లూటూత్ లాంటి లైసెన్సు అక్కర్లేని బ్యాండ్లకు డబ్ల్యూపీసీ (కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ విభాగం) నుంచి ఈటీఏ (పరికర రకానికి ఇచ్చే అనుమతి), సరళ్ సంచార్ పోర్టల్‌లో దరఖాస్తు. ఎల్‌టీఈ ఉన్నందున టెలికాం ఇంజినీరింగ్ సెంటర్ వారి ఎంటీసీటీఈ (తప్పనిసరి టెస్టింగ్) జాబితాలో మీ రకం పరికరం ఉందేమో చూడాలి, బీఐఎస్ తప్పనిసరి రిజిస్ట్రేషన్ జాబితా కూడా. తర్వాత లోరా (తక్కువ డేటాను దూరం పంపే రేడియో) కలుపుదామనుకుంటే అమెరికా 902–928 మెగాహెర్ట్జ్ మాడ్యూలును ఇక్కడ వాడకండి. మనకు లైసెన్సు లేకుండా వాడుకునేది 865–868.

లేబుల్ చివరి పని. ‘కంటెయిన్స్ ఎఫ్‌సీసీ ఐడీ’ అని మొదలుపెట్టి రెండు ఐడీలూ స్కానర్ బయట కనిపించాలి. చేంజ్ ఇన్ ఐడీ చేయించుకుంటే అక్కడ పడేది మీ కొత్త ఐడీ, మాడ్యూలు కంపెనీది కాదు. స్క్రీన్ ఉంది కాబట్టి లేబుల్‌ను మెనూలో చూపించుకోవచ్చు, కానీ మూడు మెట్ల లోపు దొరకాలి, ప్యాకింగ్ మీద గానీ తొలగించగల స్టిక్కరు మీద గానీ అవే వివరాలు ఉండాలి. మాన్యువల్‌లో ఇప్పుడున్న ‘20 సెంటీమీటర్లు’ వాక్యం తీసేసి, సార్ టెస్ట్ చేసిన క్లిప్పు పార్ట్ నంబరు రాయండి. లోహపు స్ప్రింగు ఉన్న వేరే క్లిప్పు తర్వాత మార్చితే సార్ మళ్లీ చూడాలి, కాబట్టి మెకానికల్ టీమ్‌కు ఈ సంగతి ఇప్పుడే చెప్పి డ్రాయింగ్‌లో నోట్ పెట్టించండి.